కోసిన గడ్డి తోటలోనే వదలొచ్చు, పడక చెత్త మాత్రం వద్దు



వానలు మొదలైతే మాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇది: "మల్బరీ తోటలో సాళ్ల మధ్య బ్రష్ కట్టర్‌తో గడ్డి కోయించినాం. ఎత్తి గట్టు మీద వేయాలా, అట్లే వదిలేయాలా? వదిలేస్తే పురుగులకు రోగం వస్తుందా?" ముందు కాలంలో కూలివాళ్లు పారతో చెక్కి, ఏరి, మోపులు కట్టి బయట వేసేవాళ్లు. అందుకే ఈ ప్రశ్న పుట్టేది కాదు. ఇప్పుడు కలుపుకు మనుషులు దొరకడం కష్టం. మిషన్ చేతికొచ్చింది, కోసిన గడ్డి కోసిన చోటే పడి ఉంటోంది.

జవాబు ముందే చెప్పేస్తాం. వదలొచ్చు, చాలాసార్లు వదలడమే మేలు. కానీ ఏ గడ్డి, ఏ దశలో కోసింది, దాని మీద ఏముంది అన్నది చూసుకుని వదలాలి. ఇంకో సంగతి, దాన్ని గురించే ఇంత పొడుగు రాస్తున్నాం. గడ్డి వదిలితే మంచిదని విని, పురుగుల ఇంట్లోంచి తీసిన పడక చెత్తను కూడా నేరుగా తెచ్చి సాళ్లలో పోస్తున్నారు. రెండూ కుళ్లి ఎరువయ్యేవే కదా అనిపిస్తుంది. గడ్డి విషయంలో పొరపాటు చేస్తే మహా అయితే కలుపు పెరుగుతుంది. చెత్త విషయంలో చేస్తే వచ్చే పంటే పోవచ్చు.

ముందు గడ్డి సంగతి చూద్దాం.

పచ్చి గడ్డిలో నాలుగింట మూడు వంతులకు పైగా నీళ్లే. ఒక టన్ను పచ్చి గడ్డి ఎండితే మిగిలేది దాదాపు 200 కిలోలు. లేత గడ్డి అయితే ఆ ఎండుబరువులో రెండు, రెండున్నర శాతం నత్రజని ఉంటుంది. అంటే 4 నుంచి 5 కిలోల నత్రజని. యూరియాలో నత్రజని 46 శాతం కాబట్టి ఇది సుమారు 10 కిలోల యూరియాలో ఉన్నంత. దీంతోపాటు పొటాష్ బాగా ఉంటుంది, భాస్వరం కొంచెం ఉంటుంది. మోపుకట్టి గట్టు మీద వేస్తే ఇదంతా గట్టుకు పోతుంది. గట్టు మీద పిచ్చిమొక్కలు ఏపుగా ఉంటాయి చూడండి, మనం మోసిన సత్తువ కొంత అక్కడ కనిపిస్తుంది.

కొంతమంది ఎండబెట్టి తోటలోనే తగలబెడతారు. పని తొందరగా అయిపోతుంది, నిజమే. నత్రజని మాత్రం పొగలో పోతుంది. బూడిదలో పొటాష్ మిగులుతుంది, నేలను గుల్లగా ఉంచే సేంద్రియ పదార్థం మిగలదు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. పట్నాల్లో లాన్ పెంచేవాళ్లు మిషన్‌తో కోసిన గడ్డి తుంపుల్ని అక్కడే వదిలేస్తారు, దాంతో ఎరువు ఖర్చు తగ్గుతుందని చెబుతారు. వాళ్లకు అది సరిపోతుంది, ఎందుకంటే లాన్‌లో గడ్డే పంట, దాన్ని ఎవరూ బయటికి తీసుకుపోరు. మన తోటలో ఆకు ప్రతి పంటకూ బయటికి పోతుంది. బాగా చూసుకున్న వి-1 తోట ఎకరాకు ఏడాదిలో 20 టన్నులు, ఇంకా పైనే ఆకు ఇస్తుంది. గడ్డిలో ఉన్న నత్రజని మన నేలలోంచి, మనం వేసిన ఎరువులోంచి గడ్డి లాక్కున్నదే. దాన్ని వదిలేస్తే మన సొమ్ము మనకు తిరిగి వస్తుంది, కొత్త సొమ్ము రాదు. కాబట్టి "గడ్డి వదులుతున్నాం, ఈసారి పశువుల ఎరువు వద్దు" అని లెక్క వేసుకోవద్దు. నీటి వసతి ఉన్న వి-1 తోటకు హెక్టారుకు ఏడాదికి 20 టన్నుల పశువుల ఎరువు, 350 కిలోల నత్రజని, 140 కిలోల చొప్పున భాస్వరం, పొటాష్ వేయమన్నది పట్టుశాఖవాళ్లు చెప్పే మోతాదు. ఎకరాకు లెక్కిస్తే 8 టన్నుల ఎరువు, 140 కిలోల నత్రజని, 56 చొప్పున మిగతా రెండు. దీని పక్కన పెట్టి చూస్తే గడ్డిలోంచి వచ్చేది చిన్న సాయమే.

మరి ఎందుకు వదలమంటున్నాం? ఎరువు కోసం కంటే నీళ్ల కోసం, నేల కోసం.

కోలారు, చిక్కబళ్లాపురం, హొసూరు వైపు మన నేలలు ఎక్కువగా ఎర్రనేలలు. సేంద్రియ పదార్థం తక్కువ. గట్టి వాన కొడితే పైన పొర కట్టేస్తుంది, తర్వాత ఎండకు అట్టలా బిగుస్తుంది. మళ్లీ వాన పడితే నీళ్లు దిగకుండా పారిపోతాయి. నేల మీద రెండు, మూడు అంగుళాల గడ్డి కప్పి ఉంటే వాన చినుకు దెబ్బ నేలకు నేరుగా తగలదు. ఎండ తగలక తేమ నిలుస్తుంది. బోరు వెయ్యి అడుగులు దాటించి నీళ్లు తెచ్చుకుంటున్న ఊళ్లలో ఇది చిన్న విషయం కాదు. కింద వానపాములు కూడా చేరతాయి. గడ్డి తీసేసిన సాలులో, గడ్డి వదిలిన సాలులో పది రోజుల తర్వాత వేలు గుచ్చి చూడండి, మేము వివరించాల్సిన పని ఉండదు.

పురుగుల వైపు నుంచి కూడా ఒక లాభం ఉంది. వానకు మట్టి ఎగిరి కింది ఆకుల మీద పడుతుంది. మట్టి పడిన ఆకు పురుగు సరిగా తినదు, పైగా ఆ మట్టితో ఏ రోగక్రిమి వస్తుందో తెలియదు. నేల కప్పి ఉంటే ఆకు శుభ్రంగా ఉంటుంది. కొమ్మలతో సహా కోసి మేపేవాళ్లకు, అంటే మనలో ఇప్పుడు ఎక్కువమందికి, కింది ఆకు కూడా పడక మీదికే వస్తుంది కాబట్టి దీనికి విలువ ఉంది.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇప్పుడు జాగ్రత్తలు.

*ఎప్పుడు కోయాలి.* కత్తిరింపు అయిన 15–20 రోజులకు తోట ఇంకా మూసుకోదు, ఎండ నేలమీద పడుతుంది, కలుపు లేచి ఉంటుంది. అప్పుడు కోసి వదిలితే ఆకు కోత సమయానికి మెత్తబడి నేలలో కలిసిపోతుంది. తేమ ఉంటే లేత గడ్డి మూడు, నాలుగు వారాల్లో ఆనవాలు లేకుండా పోతుంది. కాడలు ముదిరింది అయితే రెండు పంటలు దాకా ఉంటుంది. ఆకు కోతకు నాలుగు రోజుల ముందు మాత్రం మిషన్ పెట్టొద్దు. మట్టి, గడ్డి తుంపులు ఎగిరి ఆకుకు అంటుకుంటాయి.

విత్తనం కట్టకముందే కోయాలి. ఇది అన్నిటికంటే ముఖ్యం. గడ్డి పూత దాటి గింజ పట్టిందంటే అది గడ్డి కాదు, విత్తనాల సంచి. దాన్ని సాళ్లలో పరచడమంటే వచ్చే పంటకు కలుపు మనమే విత్తడం. అప్పటికే ఆలస్యమై ఉంటే ఎత్తి ఎరువు గుంతలో వేయండి. గుంత సరిగా వేడెక్కితే గింజ చాలావరకు చచ్చిపోతుంది.

*ఏది వదలకూడదు.* గరిక. దాని కణుపు తేమ నేలకు తగిలితే చాలు, వేరు వేస్తుంది. కట్టర్‌తో కోస్తే ఒక్క తీగ పది ముక్కలవుతుంది, తడిలో పది గరికలవుతాయి. గరిక ఎక్కువున్న తోటలో ఎండలు గట్టిగా ఉన్నప్పుడు తవ్వి, దుంపతో సహా ఏరి, గట్టు మీద ఆరబెట్టి పూర్తిగా ఎండినాకే వాడుకోవాలి. పాయలకూర, వెన్నవెదురు కూడా ఇట్లాంటివే, కాడ కండగా ఉంటుంది కాబట్టి కోసి పడేసినా వారం దాకా చావవు, మధ్యలో ఒక వాన పడితే లేచి కూర్చుంటాయి. తుంగ సంగతి వేరు. పైన కోసింది వదిలినా నష్టం లేదు, లాభమూ లేదు. దాని ప్రాణం నేలలో గడ్డల్లో ఉంటుంది. తుంగను మిషన్‌తో గెలిచినవాళ్లను మేము ఇంకా చూడలేదు.

వయ్యారిభామను, అదే మన వైపు కాంగ్రెస్ గడ్డి అంటామే, దాన్ని పూతకు ముందే పీకాలి. ఒక్క మొక్క వేలకొద్దీ గింజలు రాలుస్తుంది. చేతికి గ్లవుజు లేకుండా ముట్టొద్దు, కొందరికి దద్దుర్లు, ఆయాసం వస్తాయి. ఈ మొక్కకు ఇంకో చెడ్డ పేరు ఉంది. 2008లో కోయంబత్తూరు వైపు బొప్పాయి పిండినల్లి కనిపించి, తర్వాత రెండేళ్లలో తమిళనాడు మల్బరీ తోటల్ని చాలా దెబ్బతీసింది. 2010లో దాన్ని తినే చిన్న పరాన్నజీవి కందిరీగను తెప్పించి వదిలినాకే అదుపులోకి వచ్చింది. ఆ పిండినల్లికి బొప్పాయి, మల్బరీతో పాటు వయ్యారిభామ కూడా ఆశ్రయమే. తెల్లటి పిండి అంటుకున్న కలుపు మొక్కను కోసి మల్బరీ మొదట్లో పడేస్తే, మొక్క వాడగానే పిల్ల పురుగులు నడుచుకుంటూ పచ్చగా ఉన్నదానికి, అంటే మన మల్బరీకి ఎక్కుతాయి. కాబట్టి కోసే ముందు ఒకసారి వంగి చూడండి. పిండి కనబడితే ఆ మొక్కను కవరులో వేసి బయటికి తీసి కాల్చేయండి. కాల్చడం తప్పు కాని చోటు ఇదొక్కటే అనుకోండి.

తుక్ర వచ్చిన మల్బరీ కొనలకు, ఆకుచుట్టు పురుగు ఉన్న కొనలకు కూడా ఇదే మాట. వాటిని తుంచి సాలులో పారేసేవాళ్లు ఉన్నారు. తుంచిన కష్టమంతా వృథా. సబ్బునీళ్ల బకెట్లో ముంచాలి, లేకుంటే కాల్చాలి.

*బయటి గడ్డి తెచ్చి పరచడం.* సొంత తోట గడ్డి చాలక, పక్క పొలంలోని టమాటా తీగలు, మొక్కజొన్న దంట్లు తెచ్చి పరిచేవాళ్లను చూస్తున్నాం. చింతామణి, శ్రీనివాసపురం వైపు టమాటా, మల్బరీ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఇది సులువుగా కనిపిస్తుంది. మేమైతే వద్దంటాం. టమాటాకు, మొక్కజొన్నకు కొట్టేది గొంగళిపురుగుల మందు. పట్టుపురుగు కూడా గొంగళిపురుగే, మందుకు ఆ తేడా తెలియదు. ఈ కాలపు మందులు కొన్ని పైరు మీద వారాలు నిలుస్తాయి, అతి తక్కువ మోతాదులో కూడా పట్టుపురుగును చంపుతాయి, లేదా గూడు కట్టకుండా చేస్తాయి. ఎండిన దంటు నుంచి దుమ్ము లేచి ఆకు మీద పడితే ఏం జరిగిందో కూడా మనకు అర్థం కాదు, రోగమనుకుంటాం. ఏ మందు ఎప్పుడు కొట్టారో మీకు తెలిసిన పొలం నుంచి తప్ప తేవద్దు. గడ్డిమందు కొట్టిన గట్టు గడ్డి కూడా తేవద్దు.

ఎండు వరిగడ్డి, చెరుకు ఆకు లాంటివి పరిచితే ఇంకో ఇబ్బంది. వాటిలో నత్రజని చాలా తక్కువ. వాటిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని కొంతకాలం తమ కోసం పట్టుకుంటాయి. ఆకు పచ్చదనం తగ్గి లేత పసుపు తిరుగుతుంది. పేడనీళ్లు కానీ, ఆ విడతకు ఇచ్చే యూరియా కానీ కొంచెం ముందుగా ఇస్తే సరిపోతుంది.

*మొదలు దగ్గర వద్దు.* కప్పిన గడ్డిని మల్బరీ మొదలుకు జానెడు దూరంలో ఆపండి. మొదలుకు ఆనించి తడి గడ్డి కుప్ప పడితే బెరడు ఎప్పుడూ తడిగా ఉంటుంది, వేరుకుళ్లు ఉన్న తోటలో ఇది ఇంకా చెడు చేస్తుంది. చెదలు కూడా చేరతాయి. మందం మూడు అంగుళాలు దాటొద్దు. పచ్చిది దాని కంటే మందంగా వేస్తే లోపల గాలి ఆడక పులిసి వాసన కొడుతుంది. వానాకాలంలో మందం గడ్డి కింద నత్తలు దాక్కుంటాయి, రాత్రి మల్బరీ ఆకును జల్లెడ చేస్తాయి. తెల్లవారుజామున ఆకు కోతకు వెళ్లేది ఎక్కువగా ఆడవాళ్లే. గడ్డి కుప్పల కింద పాములు ఉండొచ్చు, పలచగా పరిస్తే ఆ భయం తగ్గుతుంది. డ్రిప్ ఉన్నవాళ్లు రంధ్రాల దగ్గర గడ్డి జరిపి ఉంచుకోండి, లేకుంటే ఏది మూసుకుపోయిందో కనబడదు.

మిషన్ గురించి ఒక ముక్క. నైలాన్ దారం ఉన్న తల గడ్డిని సన్నగా తుంపుతుంది, తొందరగా కుళ్లుతుంది. కానీ అదే దారం మల్బరీ మొదలుకు తగిలితే బెరడు ఊడిపోతుంది, ఆ గాయంలోంచి కుళ్లు ఎక్కుతుంది. మొదలు చుట్టూ కొడవలి, సాళ్ల మధ్య మిషన్. పెట్రోలు, ఆయిలు నింపడం గట్టు మీద చేయండి, తోటలో ఒలకపోయకండి.

నల్లరేగడి ఉన్నవాళ్లు, మరాఠ్వాడాలో కొత్తగా మల్బరీ పెట్టినవాళ్లు మనలో ఉన్నారు, మీకు లెక్క కొంచెం మారుతుంది. మీ నేల నీళ్లు వదలదు. వానాకాలం మధ్యలో మందంగా కప్పితే వేర్లకు గాలి ఆడదు. అప్పుడు పలచగా, ఒకటిన్నర అంగుళం చాలు. కప్పడం వల్ల మీకు అసలు లాభం వానలు వెనక్కి తగ్గినాక, నేల బీటలు తీసే ముందు.

ఆవులున్నవాళ్లు ఇప్పటికే నవ్వుకుంటూ ఉంటారు. "గడ్డి నేలకెందుకు, ఆవుకు వేస్తాం" అని. న్యాయమే. మన ఇళ్లలో పట్టు, పాలు రెండూ కలిసే నడుస్తాయి. లేత గడ్డి ఆవుకు వేసి, పేడ తిరిగి తోటకు తెస్తే నేలకు నష్టం లేదు, ఇంటికి పాలు లాభం. తోటకు మందు కొట్టి ఉంటే గడువు దాటేదాకా ఆగండి. వయ్యారిభామ కలిసిన గడ్డి వేయొద్దు, పాలు చేదెక్కుతాయి. పేడ మాత్రం నిజంగా తోటకే తిరిగి రావాలి. పేడ అమ్ముకుని గడ్డీ ఆకూ రెండూ తోట నుంచి తీస్తే నాలుగేళ్లలో ఆకు సైజు చెప్పేస్తుంది.

కొత్త నత్రజని కావాలంటే దారి ఇంకోటి. జూన్, జూలైలో సాళ్ల మధ్య జనుము కానీ జీలుగ కానీ చల్లి, పూతకు ముందు, దాదాపు 45 రోజులకు కోసి అక్కడే వేయండి. ఈ మొక్కల వేరు బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయి. ఇది గడ్డిలా మన సొమ్ము మనకివ్వడం కాదు, నిజంగా కొత్త సొమ్ము. జోడు సాళ్ల పద్ధతిలో పెట్టిన తోటలో మధ్య ఖాళీ వెడల్పుగా ఉంటుంది కాబట్టి ఇది బాగా కుదురుతుంది.

ఇక పడక చెత్త.

పురుగు తిన్న ఆకు ఎండుబరువులో సగానికి పైగా పెంటికగా బయటికి వస్తుంది. మొత్తం మేతలో 80 శాతానికి పైగా అయిదో దశలోనే తింటుంది, కాబట్టి చివరి వారంలో చెత్త ఒక్కసారిగా కుప్ప పడుతుంది. పెంటికలు, తినకుండా మిగిలిన ఆకు, కొమ్మ పుల్లలు, అన్నీ కలిపి. సత్తువ లెక్కలో ఇది గడ్డి కంటే చాలా గొప్పది. తోట నుంచి ఆకుగా పోయినదాంట్లో ఎక్కువ భాగం ఇదే. నల్లగా, పొడిగా, వాసన కూడా లేకుండా చూడ్డానికే ఎరువులా ఉంటుంది. అందుకే బండి మీద వేసుకుని నేరుగా తోటలో గుమ్మరించాలని చేయి లాగుతుంది.

దీంట్లో కంటికి కనబడనివి ఏముంటాయో చూడండి. పాలరోగం వచ్చిన ఒక్క పురుగు పగిలి కారిన పాలలో కోట్లకొద్దీ వైరస్ గింజలుంటాయి. అవి గట్టి పొర ఉన్నవి. ఎండ నేరుగా తగిలితే చస్తాయి కానీ చెత్త కింద, మట్టిలో నీడన ఉంటే నెలలు కాదు, ఏళ్లు కూడా బతుకుతాయి. సున్నకట్టు రోగం వచ్చి చచ్చిన పురుగు మీది తెల్లటి పొడి అంతా బూజు విత్తనాలే, గాలికి లేస్తాయి. వానాకాలం, చలికాలం తేమలో మొలకెత్తడానికి కాచుకుని ఉంటాయి. గంటురోగం, అదే పెబ్రిన్ క్రిములు కూడా చచ్చిన పురుగుల్లో, పెంటికల్లో చాలాకాలం ఉండగలవు. ఇవన్నీ మల్బరీ సాలులో పోసినామంటే, వాన చినుకుతో, గాలి దుమ్ముతో కింది ఆకుకు ఎక్కుతాయి. ఆ ఆకును మనమే కోసి, మనమే మోసి, చాకీ దాటిన పిల్లలకు మేపుతాం. పురుగుల ఇల్లు బ్లీచింగ్‌తో, సున్నంతో ఎంత కడిగినా రోగం వాకిట్లోంచి బుట్టలో కూర్చుని వస్తుంది.

"మా పంటకు రోగం రాలేదు, చెత్త శుభ్రమే" అనే మాట వింటాం. పంట మొత్తం దెబ్బతినలేదంటే రోగం లేదని కాదు. బాగా పండిన పంటలో కూడా అక్కడక్కడ పది, ఇరవై పురుగులు పాలరోగంతో పోతాయి, కొమ్మల కింద ఉండిపోతాయి, మనం చూడం. అవి ఆ చెత్తలోనే ఉంటాయి.

ఊజీ ఈగను కూడా మరవొద్దు. కర్ణాటకకు అది వచ్చింది 1980లో, అప్పటి నుంచి పోలేదు. దాని పిల్లపురుగు పట్టుపురుగును లోపల తిని బయటికి జారి, చెత్తలోకో మట్టిలోకో దూరి నల్లటి గింజలా మారుతుంది. పది, పన్నెండు రోజుల్లో ఈగై లేస్తుంది. చెత్తను తోటలో పోస్తే మెత్తటి మట్టి, నీడ, తేమ అన్నీ అమర్చి ఊజీని మనమే సాకినట్టు. కిటికీలకు వల కట్టి, తోటలో ఈగల్ని పెంచుతాం.

కాబట్టి చెత్త దారి ఇది. ముందు పడక మీద కనబడే రోగం పురుగుల్ని పుల్లతో ఏరి, బ్లీచింగ్, సున్నం కలిపిన నీళ్ల బేసిన్లో వేయండి. ఉత్త చేత్తో ముట్టి అదే చేత్తో ఆకు వేయొద్దు. కోళ్లకు వేయొద్దు, ఊరంతా తిప్పుతాయి. వాటిని లోతుగా పూడ్చాలి. తర్వాత చెత్తను పట్ట మీద తీసి, దారిలో రాల్చకుండా నేరుగా గుంతకు చేర్చండి. ఆకు తెచ్చే బుట్ట, ఆకు తెచ్చే పట్ట దీనికి వాడొద్దు. ఈ తప్పు చాలా ఇళ్లలో చూస్తున్నాం. ఉదయం చెత్త మోసిన పట్టలోనే సాయంత్రం ఆకు వస్తుంది. రెండు పట్టలకు రెండు రంగులు పెట్టుకుంటే ఇంట్లో పిల్లలకైనా తెలుస్తుంది.

ఊజీ ఎక్కువగా ఉన్న పంట అయితే చెత్తను ప్లాస్టిక్ సంచుల్లో నింపి, మూతి గట్టిగా కట్టి 15–20 రోజులు పక్కన పెట్టండి. ఈగ లేచినా సంచిలోనే చస్తుంది. తర్వాత గుంతలో వేయొచ్చు.

గుంత పురుగుల ఇంటికి దూరంగా, ఇంటి మీదికి గాలి వీచని వైపు ఉండాలి. మూడడుగుల లోతు చాలు. రెండు గుంతలు ఉంటే మంచిది, ఒకటి నింపుతుంటే ఇంకొకటి మాగుతుంది. చెత్త అడుగు మందం, మీద పేడనీళ్లు, మళ్లీ చెత్త. విత్తనం కట్టిన గడ్డి, ఇందాక తోటలో వదలొద్దన్న కలుపు, అన్నీ ఇందులోకి. కొమ్మ పుల్లల్ని గడ్డి కోసే మిషన్‌లో ముక్కలు చేస్తే త్వరగా మాగుతాయి, అట్లే వేస్తే ఏడాదైనా కట్టెలుగానే ఉంటాయి. నిండినాక పైన పేడ, మట్టి కలిపి మెత్తండి. లోపల తేమ, గాలి సరిపడా ఉంటే వేడి 55–60 డిగ్రీలకు లేస్తుంది. ఇనుప కమ్మీ గుచ్చి అయిదు నిమిషాల తర్వాత తీసి పట్టుకుంటే చేయి ఆగనంత వేడి ఉండాలి. రోగక్రిములు, కలుపు గింజలు చావడానికి ఆ వేడే ఆధారం. అంచులు వేడెక్కవు కాబట్టి నెల తర్వాత ఒకసారి అంచుల్ని లోపలికి తిప్పి కలపాలి. వాన నీళ్లు గుంతలో నిలిస్తే వేడి రాదు, సారమంతా కారిపోతుంది. పైన రేకో, తాటాకు పందిరో వేయండి.

మూడు, నాలుగు నెలల్లో మాగుతుంది. పుల్ల కనబడకుండా, మట్టి వాసన వస్తుంటే తోటకు వేయొచ్చు. అప్పుడు కూడా కత్తిరింపు అయిన వెంటనే వేసి మట్టిలో కలపండి, ఆకు మీదికి దుమ్ము లేచే సమయంలో వద్దు. వానపాముల ఎరువు చేసేవాళ్లు చెత్తను ముందు గుంతలో ఆ వేడి దాటేదాకా మాగనిచ్చి, తర్వాతే తొట్టెలో వేయండి. పచ్చి చెత్త వేడికి వానపాములు చస్తాయి, బ్లీచింగ్ తగిలినా చస్తాయి.

పడకలో మిగిలిన ఆకును ఆవులకు, మేకలకు వేయడం మనకు అలవాటు. రోగం లేని పంటలో, పొడులు చల్లనప్పుడు ఫరవాలేదు. సున్నం, విజేత లాంటి పడక పొడులు చల్లిన రోజుల్లో ఆ ఆకు గుంతకే పోవాలి.

ఇప్పటికే పచ్చి చెత్త తోటలో పోసి ఉంటే కంగారు పడొద్దు. వచ్చే కత్తిరింపు తర్వాత దాన్ని సాలులో లోతుగా కలిపి దున్ని, పైన మట్టి కప్పండి. ఆ పంటకు నేలకు దగ్గరగా ఉన్న అడుగు ఎత్తు ఆకును పురుగులకు వేయకుండా వదిలేయండి. ఆకు కొంచెం తగ్గుతుంది, అందుకు సరిపడా గుడ్లు తక్కువ పెట్టుకోండి.